మొదటి ‘వద్దు’ లెక్కలోకి రాదు

మూడో అంతస్తు గది,
హీటరు పక్క నుంచి

అక్కా,

చేరాను. కాళ్లూ చేతులూ ఉన్నాయి. ముక్కు కూడా ఉన్నట్టే ఉంది గానీ గట్టిగా చెప్పలేను, పొద్దుటి నుంచీ దాని దగ్గర్నుంచి కబురు లేదు.

చలి చలి అని అందరూ భయపెడితే దుప్పటి ముసుగుతన్ని పడుకునే చలే కదా అనుకున్నాను. ఇది దానికి ముత్తాత. మొన్న రుమాలు ఉతికి కిటికీ బయట ఆరేశాను. సాయంత్రం తీసేసరికి పలకలా బిగుసుకుపోయి ఉంది. దాని మీద సుద్దతో రాసుకోవచ్చు. బయటికి వెళ్లాలంటే బనీను మీద బనీను, దాని మీద చొక్కా, స్వెట్టరు, కోటు, మఫ్లరు, టోపీ, చేతి తొడుగులు. ఇవన్నీ తొడుక్కునేసరికి ఒంటేలుకి వెళ్లాలనిపిస్తుంది. మళ్లీ అన్నీ విప్పాలి.

ఉద్యోగం మాత్రం నవ్వొచ్చేలా ఉంది. అక్కడ ఫ్రిజ్‌లు బాగుచేసి బాగుచేసి జుట్టు నెరిసినవాణ్ణి కదా, ఇక్కడ పళ్లూ కూరగాయలూ దాచే కోల్డ్ స్టోరేజీలో మిషన్లు చూడమన్నారు. తీరా చూస్తే లోపలి కంటే బయటే చలెక్కువ. మధ్యాహ్నం టీ వేళకి మేమందరం చలి కాచుకోవడానికి కోల్డ్ స్టోరేజీలోకి పోయి కూర్చుంటున్నాం. “తలుపులు తెరిచి పెడితే చాలుగా, మిషన్లెందుకు?” అని ఫోర్‌మన్‌ని అడిగాను. తెరిస్తే పళ్లు గడ్డకట్టి పగిలిపోతాయట. అంటే అక్కా, ఇక్కడ ఫ్రిజ్ ఉన్నది పళ్లని వెచ్చగా ఉంచడానికి!

ఇక అసలు సంగతి. మొన్న ఆదివారం ఫోర్‌మన్ ఇంటికి భోజనానికి పిలిచాడు. వీళ్ల రాత్రి భోజనం సాయంత్రం అయిదింటికే. సూర్యుడు అంతకు ముందే ఇంటికి పోతాడు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. ఆ పూటకని పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా వెళ్లాను. ఆయన భార్య సూపు గిన్నె పట్టుకుని “వేసుకుంటావా?” అంది. మర్యాదస్తుణ్ణి కదా, “అబ్బే, వద్దండీ” అన్నాను. “సరే” అంది. గిన్నె వెళ్లిపోయింది. రొట్టె వచ్చింది. “వద్దండీ.” “సరే.” ఉడికించిన దుంపలు వచ్చాయి. ఈసారైనా బలవంతం చేస్తుందేమోనని మొహమాటంగా నవ్వుతూ చూశాను. చెయ్యలేదు. పాపం, ఈ మనిషికి ఒంట్లో బాలేదేమోనని నా ముందున్న ఉప్పు సీసా కూడా తీసుకెళ్లి అవతల పెట్టింది.

గదికొచ్చి ఎండు రొట్టె కొరుక్కుని పడుకున్నాను. నా ఒప్పందం చలికాలం అయ్యేవరకే. ఆ తర్వాత ఉండటమా, రావటమా అన్నది నా ఇష్టం. ఇలా అయితే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

కింది అంతస్తులో ఉండే ఆవిడ సిటీ బస్సు నడుపుతుంది. నా మఫ్లరు చూసి, అలా వదులుగా వేలాడదీస్తే గాలి దూరుతుందని చెప్పి, ఎలా చుట్టుకోవాలో చూపించింది. మంచి మనిషి.

నీ తమ్ముడు

*

మెస్సు వంటిల్లు,
పొయ్యి దగ్గర్నుంచి

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మీ బావ గల్లాపెట్టె మీద తల ఆనించి నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఊళ్లో సగంమందికి అన్నం పెట్టే అక్కకి తమ్ముడివై, బల్ల నిండా వంటలుండగా ఖాళీ కడుపుతో లేచొస్తావా? అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

అయినా ఆ మనుషులేం మనుషులురా? ఒకసారి వద్దంటే వద్దేనా? మొదటి వద్దు అసలు లెక్కలోకి రాదు. అది నమస్కారం లాంటిది, అందరూ పెడతారు. రెండో వద్దు, వడ్డించేవాళ్లకి నిజంగా మనసుందా లేదా అని పరీక్ష. మూడోసారి అడిగినప్పుడు వచ్చేదే జవాబు. అప్పుడు కూడా మాట వినకూడదు, చెయ్యి చూడాలి. కంచానికి అడ్డంగా బోర్లా పెట్టాడా, నిజంగా చాలు. గాల్లో ఊపాడా, ఇంకో గరిటె పడుతుంది. నా మెస్సులో ఇన్నేళ్లుగా నోళ్లు చెప్పేది నేను వినలేదు, చేతులు చెప్పేదే విన్నాను. అందుకే ఒక్కడూ సగం కడుపుతో లేవలేదు.

నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. ఈసారి ఎవరైనా పిలిస్తే ‘వద్దు’ అనకు. అలాగని ఆబగా ‘వెయ్యండి’ అని కూడా అనకు, పరువు పోతుంది. “కొంచెం” అను. కొంచెం అంటే ఎంతో వడ్డించేవాళ్లకి తెలుస్తుంది.

మీ బావ సంగతి తెలుసుగా. మేడమీద నీ గది అద్దెకిద్దామంటే, “ఎందుకులే, తిరుగుటపా వచ్చేస్తాడు” అంటున్నారు. నువ్వు పోయిన ప్రతి ఉద్యోగం నుంచీ చిరునామా తప్పిన ఉత్తరంలా తిరిగొచ్చావని ఆ పేరు పెట్టారా, ఇప్పుడు కూరగాయలవాడు కూడా “తిరుగుటపా గారు ఎలా ఉన్నారమ్మా” అని అడుగుతున్నాడు. ఈసారైనా కాస్త నిలదొక్కుకో. నేను కూడా గట్టిగా వాదించాను, ఈసారి రాడు అని.

ఇంకో మాట. ఆవిడ బస్సు నడుపుకోక నీ మెడ సంగతి ఆవిడకెందుకట? ఊరికే అడుగుతున్నా.

మీ అక్క

*

అదే గది,
అదే హీటరు

అక్కా,

నీ సలహా చేతులు కాలాక వచ్చిన ఆకు. అది చేరేలోపే కింది ఆవిడ భోజనానికి పిలిచింది. ఫోర్‌మన్ ఇంటి అనుభవంతో బుద్ధొచ్చి, ఏది చూపించినా “వెయ్యండి, వెయ్యండి” అన్నాను. ఆవిడ వేస్తూనే ఉంది. కంచంలో మెతుకు వదలకూడదు కదా, నేను తింటూనే ఉన్నాను. చివరికి గిన్నెలు ఖాళీ అయ్యాయి. ఆవిడ మర్నాటి పొద్దుటి కోసం దాచుకున్నది కూడా నేనే తిన్నానని తర్వాత తెలిసింది. మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయాను.

రెండోసారి పిలిచేసరికి నీ ఉత్తరం వచ్చింది. నువ్వు చెప్పినట్టే “కొంచెం” అన్నాను. ఒక్క చెంచా వేసింది. కొంచెం అంటే కొంచెమేనట! మళ్లీ ఎండు రొట్టే గతి అనుకుంటూ ఉంటే ఆవిడే స్పూను కింద పెట్టి, “నువ్వొక రోజు ఏనుగులా తింటావు, ఒక రోజు పిచ్చుకలా తింటావు, నీ కడుపుకేమైనా జబ్బా?” అంది.

ఇక దాచి లాభం లేదని మన పద్ధతంతా చెప్పాను. మర్యాద తెలిసినవాళ్లు రెండుసార్లు వద్దనాలి, అడిగేవాళ్లు మూడుసార్లు అడగాలి, అప్పటికీ మాటకంటే చేతినే నమ్మాలి అని. నీ మెస్సు గురించీ చెప్పాను. కంచం తెచ్చి చెయ్యి బోర్లా పెట్టీ, గాల్లో ఊపీ చూపించాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది. “మరి మా వాళ్లు ఒకసారి అడిగి ఊరుకుంటే మీకు కోపం రాదా?” అంది. “కోపం కాదు, ఆకలి వస్తుంది” అన్నాను.

అప్పట్నుంచీ అదొక ఆటైపోయింది. నేను కాఫీ ఇవ్వబోతే వద్దంటుంది. మళ్లీ ఇస్తే మళ్లీ వద్దంటుంది, చెయ్యి గాల్లో ఊపుతూ. మూడోసారికి పెద్దమనిషిలా తల పంకించి తీసుకుంటుంది. మొన్న నా గదికి పిలిచి అన్నం, పప్పు చేసి పెట్టాను. కారానికి కళ్లూ ముక్కూ కారుతున్నా రెండుసార్లు వద్దని మూడోసారి పెట్టించుకుంది. మన పద్ధతి మనవాళ్ల కంటే నిష్ఠగా పాటిస్తోంది.

ఆమె మాట్లాడే విషయాలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్ద విషయాలేం కాదు. తెల్లవారుజామున మొదటి బస్సు తీసినప్పుడు రోడ్డు ఎలా ఉంటుంది, ఎక్కే మనుషులు ఏ సీటుకి అలవాటు పడ్డారు, ఇలాంటివి. భర్త పోయాక ఒక్కత్తే ఉంటోంది. మంచు మీద బాతులా అడుగులేస్తే జారిపడకుండా ఉంటామని నేర్పింది. నేర్పుతూ తనే పడింది. లేపబోయి నేనూ పడ్డాను. ఇద్దరం అలాగే కూర్చుని నవ్వుకున్నాం. వెనక నుంచి ఎవరో వెళ్తూ ఏమైందని అడిగారు. ఏమీ కాలేదని చెప్పాం.

మిషన్లు బాగున్నాయి. ఫోర్‌మన్ బాగున్నాడు.

నీ తమ్ముడు

*

మెస్సు,
గల్లా బల్ల దగ్గర

ఒరేయ్,

నీ ఉత్తరంలో ఫోర్‌మన్ గురించి ఒక్క ముక్క రాశావు, చలి గురించి అసలు రాయలేదు. ‘ఆవిడ’ మాత్రం వాక్యానికొకసారి తొంగి చూసింది. మీ బావకి చదివి వినిపిస్తే, “తిరుగుటపాకి చిరునామా దొరికినట్టుందే” అన్నారు. నేను “నోర్మూసుకోండి” అన్నాను గానీ నాకూ అలాగే అనిపించింది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. పొయ్యి దగ్గర నిలబడితే నేను ఉడుకుతున్నానో అన్నం ఉడుకుతోందో తెలియడం లేదు. నీ చలి కాస్త డబ్బాలో పెట్టి పంపు.

నీ ఉత్తరాలు చదివి నాకూ ఒక పిచ్చి పుట్టింది. ఆ దేశంవాళ్లలా ఒకసారి అడిగి ఊరుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని, ఒక పూట ఎవరు వద్దన్నా “సరే” అని ముందుకు పోయాను. ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు గారు బిత్తరపోయి నా వైపే చూస్తూ కూర్చున్నారు. బడి పంతులు గారైతే, “అమ్మా, మా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?” అన్నారు. గల్లా దగ్గర మీ బావని నలుగురు నిలేశారు, మీ ఆవిడకి ఒంట్లో ఎలా ఉందని. సాయంత్రానికి నా పద్ధతికి నేను వచ్చేశాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. నేను మొదటి బంతిలోవాళ్లనే పస్తు పెట్టాను.

ఒక్క మాట చెప్తాను విను. నలభై దాటాయి నీకు. ఇన్నేళ్లూ నీకు ఏం కావాలో నువ్వు నోరు తెరిచి అడగలేదు. కూర నచ్చితే గిన్నె వైపు చూసేవాడివి, నేను వేసేదాన్ని. అందరూ నేను కాదురా. అడగందే అమ్మైనా పెట్టదు. నీ మనసులో ఉన్నది నాకు రాయకు, తపాలా ఖర్చు దండగ. ఆవిడకే చెప్పు.

మీ అక్క

తా.క. మేడమీద గది ఒకాయన అడిగాడు. ఇవ్వలేదు. ఊరికే, మనిషి నచ్చక.

*

గది నుంచి

అక్కకి,

నువ్వు చెప్పినట్టే అడిగాను.

ఆదివారం నా గదిలోనే, భోజనం అయ్యాక. ఎలా అడిగానో రాయలేను, అడిగాను అంతే. నన్ను పెళ్లి చేసుకుంటారా, చేసుకుంటే ఇక్కడే ఉండిపోతాను అన్నాను. వద్దంది. అనడమే కాదు, చెయ్యి కూడా గాల్లో ఇలా ఊపింది. అంత కచ్చితంగా చెప్పాక ఇంకేం మిగిలింది?

“సరే” అన్నాను. ఇక్కడి మర్యాద అదే కదా, మొదటి భోజనంలోనే నేర్చుకున్నాను. వీళ్లు వద్దంటే వద్దే. బలవంతం చేయడం మహా తప్పు.

ఆవిడ వెంటనే లేవలేదు. స్పూను తిప్పుతూ కాసేపు కూర్చుంది. “ఇంకేం అడగవా?” అంది. పెరుగు కావాలేమోనని అడిగాను. అక్కర్లేదని లేచి వెళ్లిపోయింది. రెండ్రోజుల తర్వాత మెట్ల మీద ఎదురుపడి, “నాకేమైనా చెప్పాలా?” అంది. ఏం చెప్పను? “చలి తగ్గింది” అన్నాను. తలుపు గట్టిగా వేసుకుంది. ఇప్పుడు స్టాపులో నేను నిలబడితే బస్సు నా ముందు ఆపకుండా నాలుగడుగులు ముందుకి పోనిచ్చి ఆపుతోంది. పరిగెత్తి ఎక్కాలి. నా మొహం చూడటమే ఇష్టం లేనట్టుంది.

కోపం లేదక్కా నాకు. బాధగా ఉంది. మఫ్లరు చుట్టుకున్న ప్రతిసారీ బాధగా ఉంది.

మంచు కరుగుతోంది. ఒప్పందం అయిపోవస్తోంది. ఉండమని ఫోర్‌మన్ అంటున్నాడు గానీ వచ్చేస్తాను. నెలాఖరుకి టికెట్టు తీసుకుంటాను. తిరుగుటపా వస్తోందని బావకి చెప్పు. గది దులిపించు.

నీ తమ్ముడు

*

మేడమీద నీ గది నుంచి

ఒరే వెర్రి సన్నాసీ,

ముందు ఆ టికెట్టు తీసుకోకు. తీసుకుంటే వాపసు ఇచ్చెయ్. ఇప్పుడు చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను చేసిన మొదటి పని గది దులపడం. మంచం మీద కొత్త దుప్పటి వేశాను. కిటికీ తలుపు బిగుసుకుపోతే వడ్రంగిని పిలిపించాను. మీ బావ, “చూశావా, నేను చెప్పలా” అంటే ఆ మాట కూడా కమ్మగా వినిపించింది. నా తమ్ముడు ఇంటికొస్తున్నాడు, రాత్రి అందరూ వెళ్లాక కంచం ముందేసుకుని గిన్నె వైపు చూస్తాడు, నేను వేస్తాను. ఇదే అనుకుంటూ ఆ పూటంతా పాడుకుంటూ వండాను.

తర్వాత ఇక్కడికొచ్చి కూర్చుని నీ ఉత్తరం రెండోసారి చదివాను. చెయ్యి గాల్లో ఊపింది అన్న చోట ఆగిపోయాను.

ఏ చెయ్యిరా అది? బోర్లా పెట్టిన చెయ్యా, ఊపిన చెయ్యా? నేను నీకు రాసిందీ, నువ్వు కంచం తెచ్చి ఆవిడకి చూపించిందీ ఏమిటి? కాఫీకి కూడా రెండుసార్లు వద్దనే మనిషి, పెళ్లికి ఒక్క మాటకే ఊఁ అంటుందా? మర్యాద తెలిసినవాళ్లు అలా చెయ్యరని నువ్వే కదరా నేర్పావు! పాపం ఆ మహాతల్లి మన పద్ధతిలో మొదటి వద్దు చెప్పి, నువ్వు రెండోసారి అడుగుతావని కూర్చుంది. “ఇంకేం అడగవా” అని నోరు తెరిచి అడిగింది. నువ్వు పెరుగు కావాలా అన్నావు. మెట్ల మీద ఇంకో అవకాశమిచ్చింది. చలి తగ్గిందన్నావు. ఆవిడ నీ మర్యాద నేర్చుకుంటే నువ్వు ఆవిడ మర్యాద నేర్చుకున్నావు. ఇద్దరూ పస్తున్నారు.

ఇది నాకు తెలిశాక ఈ ఉత్తరం వెంటనే రాయలేదు. నిజమే చెప్తాను. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను, లేచి వెళ్లి అంట్లు తోమాను, మళ్లీ కూర్చున్నాను. నేను నోరు మూసుకుంటే నువ్వు ఇంటికొస్తావు. నోరు తెరిస్తే రావు. నువ్వు లేక ఈ ఇల్లు నాకు బోసిగా ఉంది, ఇది నీకెప్పుడూ చెప్పలేదు. మీ బావ నన్ను చూసి చూసి, “వడ్డించేదానివి నువ్వే ఇలా చేతులు కట్టుకుంటే ఎలాగే?” అన్నారు. ఆయన కూడా నవ్వలేదు.

ఎవరి ఆకలి ఎవరిదో నాకు తెలుసురా. నాది తర్వాత చూసుకోవచ్చు.

వెళ్లి అడుగు. రెండోసారి వద్దంటే మళ్లీ అడుగు. మూడోసారి మాత్రం చెయ్యి చూడు. నిజంగా బోర్లా పెడితే నమస్కారం పెట్టి, ఇంకొక్క మాట మాట్లాడకుండా వచ్చెయ్. గది ఉంది. దుప్పటి మార్చను.

అక్క

*

బస్సు డిపో,
ఆఖరి సీటు నుంచి

అక్కా,

నీ ఉత్తరం స్టాపులో నిలబడి చదివాను. చదువుతుండగానే బస్సొచ్చింది. యథాప్రకారం నాలుగడుగులు ముందుకు పోయి ఆగింది. పరిగెత్తాను. మంచు కరిగి అంతా బురద. జారి, లేచి, బురదతోనే ఎక్కాను.

డ్రైవరు సీటు పక్కనే నిలబడి రెండోసారి అడిగాను. నడిపేటప్పుడు మాట్లాడకూడదని బోర్డు ఉంది, దాని కిందే నిలబడి అడిగాను. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా “వద్దు” అంది. ముందు సీట్లో ముసలాయన ఒకడు పేపరు దించి నావైపు జాలిగా చూశాడు. ఇక్కడివాడైతే అక్కడితో దిగిపోయేవాడు. కానీ స్టీరింగు మీద ఒక చెయ్యే ఉంది. రెండోది గాల్లో ఉంది.

ఎర్రదీపం పడింది. మూడోసారి అడిగాను.

ఆవిడ తిరిగి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. బురదా, మఫ్లరూ అన్నీ చూసి, “ఇన్ని వారాలు కంచం ముందు కూర్చోబెట్టి గరిటె పట్టుకుని ఎక్కడికి పోయావయ్యా? మీ అక్క మెస్సులో ఇలాగే వడ్డిస్తారా?” అంది. చెయ్యి చాపింది. దీపం పచ్చగా మారినా బస్సు కదల్లేదు. వెనక నుంచి హారన్లు. ముసలాయన పేపరు మడిచి చప్పట్లు కొట్టాడు. ఎందుకో ఎవరికీ తెలియకపోయినా బస్సంతా కొట్టింది.

ఆవిడ డ్యూటీ దిగేదాకా ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. ఒప్పందం పొడిగించమని ఫోర్‌మన్‌కి రేపు చెప్తాను. బస్సు డిపోలో ఆగిన కాసేపట్లో నువ్వు రాసినదంతా ఆవిడకి చదివి వినిపించాను, అంట్లు తోమి మళ్లీ వచ్చి కూర్చున్నది కూడా. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది, ఈసారి నవ్వి కాదు. ముందు మీ అక్క దగ్గరికే వెళ్దాం, పెళ్లి అక్కడే అంది. సెలవు దొరగ్గానే బయల్దేరతాం. గది అద్దెకివ్వద్దు. తిరుగుటపా ఈసారి కాస్త బరువెక్కి వస్తోందని బావకి చెప్పు, ఇంకో మంచం వేయించమను.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకో. ఆవిడ నీ బల్ల దగ్గర కూర్చుని మొదటిసారి వద్దంటే నమ్మకు. రెండోసారీ నమ్మకు. మూడోసారి నన్నడక్కు, ఆవిడ చెయ్యి చూడు.

నీ తమ్ముడు